బరిలో కూర్చున్న కుక్క

పోయిన వారం మనం ఆగిన చోట, బెతెల్ కౌంటీ కుక్కల షెడ్డులో ఇరవై రెండు పిట్ బుల్ కుక్కలు ఉన్నాయి. కెండ్రెల్ వాల్థర్ కొన్న ఇంటి వెనక, పైన్ చెట్ల మధ్య, భూమిలో పాతిన పాత కార్ల ఇరుసులకు గొలుసులతో కట్టేసి ఉండగా పోలీసులకు దొరికినవి. కెండ్రెల్ ఆ కౌంటీలో పుట్టినవాడు. బంతిని చేతులతో అందుకుని పరిగెత్తే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌లో అతన్ని మించినవాడు దేశంలో లేడు. "ఆ ఇల్లు మా బాబాయి కొడుకు లామార్ కోసం కొన్నాను. కుక్కల సంగతి నాకు తెలియదు. కుక్కల పందెం నా జన్మలో చూడలేదు," అని అతను కెమెరాల ముందు చెప్పాడు. లామార్ పరారీలో ఉన్నాడు. జడ్జి ముక్కుసూటిగా తేల్చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండులోగా యజమాని వచ్చి, ఇవి నావి, వీటిని వదులుకుంటున్నాను అని సంతకం పెడితే కుక్కలు ఇళ్లకు వెళతాయి. ఎవరూ రాకపోతే చంపే సూది.

గురువారం పొద్దున్న తొమ్మిదైంది. ఎవరూ రాలేదు.

"పదిహేడును తీసుకురా ఓడెల్," అంది డాక్టర్ లొరేన్ స్టిత్.

"నంబర్లు జైల్లో ఉన్నవాళ్లకి, డాక్టరమ్మా. దీన్ని నేను పర్లీ అంటున్నా," అన్నాడు ఓడెల్ పీబుల్స్.

"ఇదీ జైల్లోనే ఉందిగా."

"చేసింది ఇది కాదుగా."

ఓడెల్‌కు అరవై నాలుగేళ్లు. షెడ్డులో కుక్కలకు తిండి పెట్టడం, కడగడం, గచ్చు తుడవడం అతని పని. ఆదివారం మౌంట్ నీబో చర్చిలో డీకన్, సంఘ పెద్ద. భార్య ఎర్నెస్టీన్ పోయి నాలుగేళ్లయింది. అప్పట్నుంచి అతను మాట్లాడేది తక్కువ, క్షమించేది అంతకన్నా తక్కువ. ఆ లెక్కలో తనను తాను కూడా కలుపుకున్నాడు.

కుక్కల స్వభావం పరీక్షించడానికి డాక్టరమ్మ రిచ్‌మండ్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. యాభై దాటిన లావుపాటి మనిషి. గచ్చు మీద చతికిలబడి, కర్రకు కట్టిన ప్లాస్టిక్ చేత్తో పని చేస్తుంది. కుక్క తింటుండగా ఆ చేతిని గిన్నెలో పెట్టి లాగుతుంది. కరిచే కుక్క ఆ చేతిని కరుస్తుంది. మనిషి చెయ్యి మిగులుతుంది.

పర్లీ గోధుమరంగు మీద నల్ల చారలున్న ఆడ పిట్ బుల్. కుడి చెవి సగమే ఉంది. ముందు కాలి మీద తాడు పేనినట్టు ఒక మచ్చ, భుజం మీద ఇంకొకటి. అది ఆకలిగా తింటోంది. ప్లాస్టిక్ చెయ్యి గిన్నెలోకి దిగింది. పర్లీ తినడం ఆపింది. చేతిని చూసింది, కర్ర పొడవునా చూసుకుంటూ వెళ్లి డాక్టరమ్మ మొహం చూసింది. ఆ ప్లాస్టిక్ వేళ్లను ఒక్కొక్కటే నాకి, ఒక అడుగు వెనక్కి జరిగి కూర్చుంది. కావాలంటే నువ్వే తిను అన్నట్టు.

డాక్టరమ్మ ప్లాస్టిక్ చెయ్యి గిన్నెలోంచి తీసి పక్కన పెట్టింది.

"మా ఆయన పళ్లెంలోంచి ఒక్క ఆలుగడ్డ ముక్క తీసి చూడు. ఇంతకంటే ఎక్కువ గుర్రుమంటాడు," అంది తర్వాత.

"ఆయనకు సూది వెయ్యమని జడ్జిని అడిగారా?"

"అడగలేదు. అడగాల్సింది." ఆమె నవ్వి, నవ్వు చాలించింది. "ఇరవై రెండులో పంతొమ్మిది ఇళ్లకు పంపొచ్చని రాశాను. మిగతా మూడిటికీ ఆరు నెలలు ఓపిక పడితే చాలు. రాసి ఏం లాభం? ప్రభుత్వ వకీలు పిట్ బుల్ అంటే పిన్ను తీసిన బాంబు అన్నాడు. పేపర్లన్నీ అదే వేశాయి. సంతకం పెట్టే చెయ్యి లేకపోతే నా రిపోర్టుతో పొయ్యి రాజెయ్యొచ్చు."

ఓడెల్ గిన్నెను మళ్లీ పర్లీ ముందుకు జరిపాడు. తన చిన్నతనంలో ఈ జాతిని చూసి ఎవరూ దారి తప్పుకునేవారు కాదని అతనికి గుర్తు. పిల్లల్ని దీని పక్కన పడుకోబెట్టి తల్లులు వేరుశెనగ పీకడానికి వెళ్లేవారు. పందెం బరిలో కుక్కలతోపాటు ఇద్దరు మనుషులు కూడా నిలబడాలి. ఎంత రక్తం ఓడుతున్నా మధ్యలో చెయ్యి పెట్టి విడదీసే మనిషిని అది కరవకూడదు. కరిస్తే ఆ రోజే కాల్చేసేవారు. అలా వందేళ్లు ఏరి ఏరి మనుషులు ఈ కుక్కను తయారుచేశారు. తోటి కుక్క మీదికి ఉసిగొల్పింది వాళ్లే. మనిషిని ఏం చేసినా పడి ఉండేలా చేసిందీ వాళ్లే. ఇప్పుడు దాన్ని చూసి భయమేస్తోందంటున్నదీ వాళ్లే.

బయట కార్లు ఆగిన చప్పుడైంది.

కెండ్రెల్ వాల్థర్ తల వంచి తలుపులోంచి వచ్చాడు. వెనకే అతని వకీలు విట్‌లాక్, మెడలో రెండు కెమెరాలతో ఒక ఫొటోగ్రాఫరు. కెండ్రెల్ ఒక షెడ్డు కుక్కను కడుగుతుండగా ఫొటోలు తీసి, మూగజీవాలంటే ప్రాణమిచ్చే మనిషి అని పేపర్లకు పంపాలని వకీలు ఏర్పాటు చేశాడు.

ఓడెల్ ఇరవై ఏళ్లు హైస్కూలు మైదానంలో సున్నం గీతలు గీశాడు. ఆ గీతల మీద పదిహేనేళ్ల కెండ్రెల్ గాల్లోకి లేచి, వీపు వెనక నుంచి వచ్చిన బంతిని చూడకుండానే ఒంటిచేత్తో అందుకోవడం దగ్గరగా చూశాడు. ఆ రోజు కళ్లు తుడుచుకున్నాడు. ఎర్నెస్టీన్ దానికి నెల రోజులు ఏడిపించింది. ఆ చేతుల మీద అతనికున్న గౌరవం ఇప్పటికీ పోలేదు. అదే అతని బాధ.

"ఓడెల్ బాబాయ్, ఇంకా ఈ కంపులోనే ఉన్నావా?" అన్నాడు కెండ్రెల్ నవ్వుతూ.

"కంపు ఇక్కడిది కాదు నాయనా. మీ ఇంటి వెనక నుంచి వచ్చింది."

"అది ఆరోపణ," అన్నాడు విట్‌లాక్.

"వాసన," అన్నాడు ఓడెల్.

వకీలు బోనుల వరస చూసి, చెవులు వేలాడే ఒక చిన్న కుక్కపిల్లను చూపించాడు. ఫొటోగ్రాఫరు పెదవి విరిచాడు. ఆ పిల్లతో ఫొటో ఎవరైనా దిగుతారు, పిట్ బుల్‌తో అయితే మొదటి పేజీలో వేస్తారు అన్నాడు. వకీలు ఆలోచిస్తుండగానే కెండ్రెల్ చెయ్యెత్తి చూపించాడు.

"ఆ చారల దాన్ని ఇవ్వండి."

ఇరవై రెండు కుక్కల్లో అతను దేన్నీ వెతకలేదు. నేరుగా పర్లీనే చూపించాడు.

కడిగే గది వెనక ఉంది. కెండ్రెల్ చొక్కా చేతులు మడిచాడు. గోరువెచ్చని నీళ్ల తొట్టిలోకి పర్లీ తనంతట తనే దిగి నిలబడింది. ఫొటోగ్రాఫరు పది ఫొటోలు తీసి, ఇక చాలని కెమెరా తెరిచి ఏదో సర్దుకుంటున్నాడు. వకీలు గుమ్మం బయట ఫోనులో ఉన్నాడు. డాక్టరమ్మ ముందు గదిలో కాగితాలు రాస్తోంది. కెండ్రెల్ మాత్రం ఆపలేదు. పని మొదలుపెట్టాక మధ్యలో వదిలే చేతులు కావవి.

ఓడెల్ తువ్వాలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

చాలామంది కుక్కను తల నుంచి కడుగుతారు. తల తడవగానే కుక్క దులుపుకుంటుంది, పని పాడవుతుంది. కెండ్రెల్ ఎడమ వెనక కాలు ఎత్తాడు. రెండు వేళ్లు వంచి గోళ్ల సందుల్లోంచి మట్టి తీశాడు. తర్వాత కుడి వెనక కాలు. పొట్ట. చంకలు. ప్రతి చోటా అరచేయి ఒకసారి ఆనించి, అప్పుడే రుద్దుతున్నాడు. వేళ్లు ఎక్కడా తడబడలేదు. పర్లీ కళ్లు సగం మూసుకుంది. అడగకుండానే ముందు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఇచ్చింది. చివర మెడ, తల. ఇంత బాగా కుక్కను కడిగినవాణ్ని ఓడెల్ చూసి నలభై ఏళ్లయింది.

అప్పుడు జరిగింది. కెండ్రెల్ పర్లీ మెడ మీద నుంచి అరచేత్తో నీళ్లు దించి, చూపుడు వేలు నాలుకకు తాకించాడు. రెప్పపాటు. తువ్వాలు కోసం చెయ్యి చాచాడు.

ఓడెల్ తువ్వాలు ఇవ్వలేదు.

బరిలో దింపే ముందు ఎవరి కుక్కను వాళ్లు కడగకూడదు. ఎదుటివాడు వచ్చి నీ కుక్కను కడుగుతాడు, నువ్వు వెళ్లి వాడి కుక్కను కడుగుతావు. ఒంటికి ఏదైనా మందు పూసి తెస్తే, పట్టిన కుక్కకు నోరు చచ్చుబడి పట్టు వదిలేస్తుంది. కడిగినా అనుమానం తీరనివాడు మెడ మీది తడిని నాలుకకు అంటించి చూస్తాడు. దొంగ దొంగను నమ్మడానికి పెట్టుకున్న పద్ధతి అది. పందెం చూడనివాడు ఆ పని చెయ్యడు. ఒకటి రెండుసార్లు చూసినవాడూ చెయ్యడు. ఏళ్ల తరబడి చేసినవాడే చేస్తాడు, చేశానని తనకే తెలియకుండా.

"ముందు గదిలో మాంసం పెట్టిన వేడి రొట్టెలున్నాయి, చల్లారిపోతాయి," అన్నాడు ఓడెల్ ఫొటోగ్రాఫరుతో. ఆయన వెళ్లాక తలుపు దగ్గరగా వేశాడు.

"ఉప్పగా ఉందా?" అని అడిగాడు.

"ఏంటి?"

"మెడ మీది నీళ్లు. రుచి చూశావుగా."

కెండ్రెల్ తన చేతిని చూసుకున్నాడు. ఎవరిదో చెయ్యి అన్నట్టు చూసుకున్నాడు. తర్వాత తొట్టి అంచు మీద పెట్టాడు.

"మూతి దురద పెట్టింది బాబాయ్."

"మూతి కాదు. నాలుక."

"సరే. నాలుకే. అయితే ఏమైంది? దాని అర్థమేంటో నీకెలా తెలుసు డీకన్ గారూ?"

ఆ ప్రశ్న వస్తుందని ఓడెల్‌కు తెలుసు. పందెం కొట్టం బయట ఎర్నెస్టీన్ ఒక్కదానికే తెలుసని అతననుకున్న సంగతి అది. పెళ్లికి ముందు ఆమె పెట్టిన షరతు ఒక్కటే, ఆ కొట్టంలోకి మళ్లీ అడుగు పెట్టకూడదని. పెట్టలేదు. కానీ అంతకుముందు పెట్టాడు.

"పదకొండేళ్లు కడిగాను," అన్నాడు. "మీ తాత రూఫస్ కుక్కలకు ఎదురొచ్చిన కుక్కల్ని. ఎడమ వెనక కాలితో మొదలుపెట్టడం నీకెవరు నేర్పారు?"

"తాత."

"తాతకు నేర్పింది నేను. తల చివర కడగాలన్నదీ నేనే. అరచేయి ఆనించి అప్పుడు రుద్దాలన్నదీ నేనే. ఇందాక నువ్వు కడుగుతుంటే నా చేతుల్నే చూసుకున్నా."

కెండ్రెల్ నవ్వాడు. సంతోషంతో కాదు.

"తెలుసు బాబాయ్. తాత చనిపోయే ముందు చెప్పాడు, నాకూ లామార్‌కూ. ఓడెల్ కడిగితే కుక్క నిలబడే నిద్రపోయేది అనేవాడు. చర్చిలో నువ్వు కానుకల పళ్లెం పట్టుకుని వస్తుంటే మేమిద్దరం పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం."

ఆ దెబ్బ తగిలింది.  ఓడెల్ తువ్వాలు పరిచి పర్లీని తొట్టిలోంచి ఎత్తి అందులో చుట్టాడు. అది అతని మోకాలికి గడ్డం ఆనించింది.

"నవ్వుకోండి. మీరు నవ్వదగ్గ పనే నేను చేశాను. ఒక్కటి చెప్పు. ఈ భుజం మచ్చ ఎదురు తిరగని కుక్కకు పడే మచ్చ. మీ తాత పెరట్లో ఓడిన కుక్క ఇంటికి తిరిగొచ్చేది కాదు. ఇదెలా బతికింది?"

కెండ్రెల్ తొట్టి బిరడా లాగి నీళ్లు పూర్తిగా పోయేదాకా చూశాడు. ఓడెల్ తొందరపెట్టలేదు.

"అది ఓడలేదు," అన్నాడు కెండ్రెల్ చివరికి. "కూర్చుంది."

"కూర్చోవడమేంటి?"

"మొదటిసారి ఇరవై నిమిషాలు పోరాడి గెలిచింది. ఆ కాలి మచ్చ అప్పటిదే. రెండోసారి, పోయిన ఏడాది ఫిబ్రవరిలో, విడిచిపెట్టగానే నడుచుకుంటూ బరి మధ్యకు వెళ్లింది. కూర్చుంది. అవతలి కుక్క వచ్చి భుజం పట్టింది. ఇది తిరిగి పట్టలేదు. అరవలేదు. పారిపోనూ లేదు. మెడ తిప్పి మా వైపు చూసింది. ఒక్కొక్కణ్నే చూసింది బాబాయ్. ముప్పై మంది ఉన్నాం. అందరూ నవ్వారు. దాన్ని చూసి కాదు, నన్ను చూసి. లామార్ దాన్ని చంపడానికి కొట్టం వెనక్కి లాక్కెళ్లాడు. నేను వెళ్లి విడిపించుకొచ్చాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు."

ఓడెల్ తువ్వాలు అంచుతో పర్లీ సగం చెవిని తుడిచాడు. పదకొండేళ్లలో అతను వందల కుక్కల్ని చూశాడు. చచ్చేదాకా పోరాడిన వాటిని చూశాడు. మనుషులు వాటికి పేర్లు పెట్టి, ఫొటోలు కట్టించుకుని, ధైర్యమంటే ఇదిరా అని చెప్పుకోవడం చూశాడు. తనూ చెప్పుకున్నాడు. కూర్చున్న కుక్కను మాత్రం చూడలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఒకే ఒక్క పనికి పెంచితే, ఆ పనికే గొలుసు విప్పితే, పళ్లు భుజంలో దిగుతున్నా ఇది చెయ్యను అన్న ప్రాణి. ముప్పై మంది మగవాళ్లున్న కొట్టంలో వద్దు అన్నది అదొక్కటే. తనకు ఆ మాట అనడానికి పదకొండేళ్లు పట్టింది. అదీ ఒక ఆడదాని కోసం.

"రేపు మధ్యాహ్నం దీన్ని చంపుతారు," అన్నాడు.

"తెలుసు."

"నువ్వు సంతకం పెడితే చంపరు."

"పెడితే నా ఆట పోతుంది. జైలుకు పోతాను. ఈ చేతులకు ఇంకో పని రాదు బాబాయ్."

"ఒక పని బాగానే వచ్చు. ఇప్పుడే చూశా."

కెండ్రెల్ తల దించుకున్నాడు. "ఒక్క మంచి మాట కూడా చెప్పవా?"

"దానికి మీ పాస్టరు ఉన్నాడు. నువ్వు పెట్టకపోతే నేనే జడ్జి దగ్గరికి వెళతాను. నా పదకొండేళ్లూ చెప్పి, నీ వేలి సంగతీ చెప్తాను."

"నీ మాట మీద నా మాట. ఎవర్ని నమ్ముతారు?"

"నెల పోతే, విచారణ జరిగితే నన్నే నమ్ముతారు. రేపు పన్నెండులోగా ఎవరూ నమ్మరు. అప్పటికి ఇవి ఉండవు. అందుకే నిన్ను అడుగుతున్నా. బతిమాలుతున్నాననుకో."

ఓడెల్ బతిమాలడం ఆ కౌంటీలో ఎవరూ వినలేదు. కెండ్రెల్ తువ్వాలులో ఉన్న కుక్కను చూశాడు. అది తోకతో గచ్చు మీద రెండుసార్లు కొట్టింది. ఇతన్ని చూస్తే దానికి కోపం లేదు. ఉండాల్సిన కోపమంతా ఓడెల్ దగ్గరే ఉంది.

"ఆ కాగితం ఏదీ?" అన్నాడు కెండ్రెల్.

ఓడెల్ తలుపు తీసి డాక్టరమ్మను పిలిచాడు. ఆమె రెండు మొహాలూ చూసింది. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కాగితాన్ని అట్ట మీద పెట్టి, యజమాని అని ఉన్న చోట వేలు చూపించి, పెన్ను ఇచ్చింది. కెండ్రెల్ మోకాలి మీద అట్ట పెట్టుకుని కూర్చున్నాడు. పెన్ను కాగితానికి ఆనింది.

అదే క్షణంలో వకీలు విట్‌లాక్ లోపలికి వచ్చాడు. పరిగెత్తి వచ్చినట్టు ఆయాసపడుతున్నాడు. వెనకే డిప్యూటీ షెరీఫ్ గోల్సన్, టోపీ చేతిలో పట్టుకుని. గోల్సన్ పెళ్లి చర్చిలో ఓడెల్ చేతుల మీదుగానే జరిగింది.

"ఒక్క అక్షరం రాయకు," అన్నాడు వకీలు. "లామార్ దొరికాడు. మొత్తం చెప్పేశాడు."

"ఏం చెప్పాడు?" అని అడిగింది డాక్టరమ్మ.

గోల్సన్ ఎటూ చూడలేక టోపీని చూశాడు.

"డీకన్ గారూ, మీరు కోపం తెచ్చుకోకండి. నేను అడగకపోతే వేరేవాళ్లొచ్చి అడుగుతారు. కుక్కలన్నీ మీవేనంటున్నాడు. కుర్రతనం నుంచీ మీకు ఈ వ్యాపకం ఉందట, వాళ్ల తాత దగ్గర కడిగేవారట. కెండ్రెల్‌కు తెలియకుండా తనే ఆ పెరడు మీకు ఇచ్చాడట. కెండ్రెల్ ఏనాడూ అక్కడికి రాలేదట." ఆగి, గొంతు తగ్గించాడు. "పచ్చి అబద్ధమని నాకు తెలుసు. మీరు కాదనండి చాలు. రాసుకుని వెళ్లిపోతా."

 ఓడెల్ గోల్సన్‌ను చూడలేదు, కెండ్రెల్‌ను చూశాడు. నోరు విప్పడానికి ఒక మనిషికి ఎంతసేపు కావాలో అంతసేపు చూశాడు. ఆ పైన ఇంకాస్త. కెండ్రెల్ వేళ్లు పెన్ను చుట్టూ బిగిశాయి. వకీలు చెయ్యి అతని భుజం మీద ఉంది. అతను గోడకేసి చూస్తున్నాడు.

"వాల్థర్ గారూ, మీరేమైనా చెప్పాలా?" అంది డాక్టరమ్మ.

అతను చెప్పలేదు.

కాదంటే ఓడెల్ ఇంటికి వెళ్లొచ్చు. చర్చి ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, ఎర్నెస్టీన్ పక్కన కొన్న ఆరడుగుల నేల ఉంటుంది. కాగితం మీద సంతకం గీత ఖాళీగా ఉంటుంది. అవునంటే ముసలితనం జైల్లో. కానీ కుక్కలకు యజమాని దొరికినట్టు. యజమాని వాటిని వదులుకోవచ్చు.

ఓడెల్ గచ్చు మీది నుంచి లేచాడు. మోకాళ్లు చప్పుడు చేశాయి.

"ఏం రాసుకోమంటారు డీకన్ గారూ?" అన్నాడు గోల్సన్.

"కాస్త ఆగు." ఓడెల్ కెండ్రెల్ ముందుకు వెళ్లి చెయ్యి చాచాడు. "ఆ పెన్ను ఇలా ఇవ్వు నాయనా."

కెండ్రెల్ ఇచ్చాడు.